నల్ల ఐలాండ్ ఉన్న కిచెనా? ముందు లైట్ల సంగతి చూడండి

కొత్తగా ఇల్లు తీసుకున్న మనవాళ్ళు ఈ మధ్య ఎక్కువగా అడిగే డౌట్ ఇదేనండీ, కిచెన్ మధ్యలో నల్ల ఐలాండ్, అంటే గోడకి ఆనకుండా విడిగా ఉండే గట్టు ఉంది, దాన్ని ఎలా డెకరేట్ చేయాలి, మీద ఏం పెట్టాలి అని. నన్నడిగితే మీద పెట్టడానికి ఏమీ కొనకండి, ఆ డబ్బులు లైట్ల మీద పెట్టండి. నలుపు వెలుతురుని మింగేస్తుంది, తెల్ల కిచెన్‌కి సరిపోయే లైట్లు నల్ల ఐలాండ్‌కి చాలవు, సాయంత్రం అయ్యేసరికి గది మధ్యలో పెద్ద ట్రంకు పెట్టె దింపి వదిలేసినట్టు ఉంటుంది. ఫొటోల్లో అంత బాగుంటుంది కదా అంటారు, ఆ ఫొటో సరిగ్గా చూడండి, పక్కన పెద్ద కిటికీ ఉంటుంది, గోడలన్నీ లైట్ కలరే ఉంటాయి.

ఐలాండ్ పైన వేలాడే పెండెంట్ లైట్లు పెట్టిస్తుంటే కౌంటర్ నుంచి లైట్ అడుగు వరకు 30 నుంచి 36 ఇంచులు ఉండేలా చూసుకోండి. అంతకన్నా కిందకి దిగితే అవతలి మనిషి మొహం కనపడదు, మరీ పైకి పోతే వెలుతురు కౌంటర్ మీద పడకుండా కళ్ళలో పడుతుంది. సీలింగ్‌కి రంధ్రం పెట్టించే ముందు అదే సైజు అట్టపెట్టె ఒకటి దారంతో కట్టి రెండు రోజులు వేలాడదీసి చూడండి, ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. బల్బులు 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత) మధ్యలో తీసుకోండి, 4000 దాటితే నలుపు నీలంగా, చల్లగా కనిపిస్తుంది. డబ్బా మీద సీఆర్ఐ అని ఉంటుంది, అది 90 లేదా ఆపైన ఉంటే రంగులు సరిగ్గా కనిపిస్తాయి. వెలుతురు తగ్గించే స్విచ్, అదే డిమ్మర్ పెట్టించుకుంటే డిమ్మర్‌కి పనికొచ్చే బల్బే కొనాలి, లేదంటే మిణుకుమిణుకుమంటుంది.

పైన రాయి నిగనిగలాడే పాలిష్‌ది అయితే ఇంకో చిక్కు ఉంది. పారదర్శక గాజు షేడ్ పెట్టారనుకోండి, బల్బు మొత్తం ఆ నల్ల రాయిలో అద్దంలో కనిపించినట్టే కనిపిస్తుంది, ఎక్కడ కూర్చున్నా కళ్ళు లాగేస్తాయి, అందుకే పాలగాజుదో అడ్డు ఉన్న షేడో తీసుకోండి.

ఇక ఐలాండ్ పక్కలకి మెరుపు లేని మ్యాటా, మెరిసే గ్లాసీనా అంటే, రెండింటికీ ఇబ్బంది ఉంది, మీరు ఏది భరించగలరో చూసుకోవాలి. మ్యాట్ నలుపు చూడ్డానికి రాయల్‌గా ఉంటుంది గానీ నూనె చెయ్యి తగిలితే ఆ వేళ్ళు ఐదూ అచ్చంగా పడతాయి, గుడ్డతో తుడిస్తే చుట్టూ ఇంకాస్త పాకుతుంది. గ్లాసీ అయితే మరక ఒక్క తుడుపులో పోతుంది కానీ దుమ్ము, సన్నటి గీతలు పక్కనుంచి ఎండ పడినప్పుడు మొత్తం బయటపడతాయి. పిల్లలున్న ఇంట్లో ఈ రెండింటికీ మధ్యలో ఉండే సాటిన్ ఫినిష్ నయం. హ్యాండిల్ లేకుండా నొక్కితే తెరుచుకునే డ్రాయర్లు మాత్రం నల్ల ఐలాండ్‌కి వద్దండీ, నొక్కిన ప్రతిసారీ అక్కడే మరక, దానికన్నా ఇత్తడి రంగు హ్యాండిల్స్ పెట్టించుకోండి, నలుపు మీద అవే నగలు.

పక్కలు నలుపైతే పైభాగం కూడా నలుపే ఉండాలని రూలేం లేదు. తెల్ల క్వార్ట్జ్ గానీ చెక్క గానీ వేస్తే సగం బరువు దిగిపోయినట్టు ఉంటుంది. అయినా నల్ల రాయే కావాలంటే, ఉప్పునీళ్ళు వచ్చే ఏరియా అయితే గ్లాసు ఎత్తగానే కింద తెల్ల రింగు ఆరిపోయి ఉంటుంది, తడి ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం ఒక్కటే దారి. వెనిగర్ వేస్తే పోతుందని ఎవరో చెప్తారు, మార్బుల్ మీద అస్సలు వేయకండి, యాసిడ్‌కి పాలిష్ చచ్చిపోతుంది, ఆ మచ్చ ఇక తుడిస్తే పోయేది కాదు. గ్రానైట్‌లో లెదర్ ఫినిష్ అని గరుకుగా వస్తుంది, వేలిముద్రలు అందులో తక్కువ కనిపిస్తాయి. క్వార్ట్జ్‌లో రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి జిగురు కలుస్తుంది కాబట్టి పొయ్యి మీద నుంచి దించిన గిన్నె నేరుగా పెట్టకూడదు. కొన్ని నల్ల గ్రానైట్లకి రంగు వేసి అమ్ముతారు, శాంపిల్ ముక్క మీద తెల్లగుడ్డకి ఎసిటోన్ అద్ది రుద్దితే నలుపు అంటుకుందంటే వదిలేయండి.

స్టూల్స్ ఆన్‌లైన్‌లో బాగున్నాయని కొనేసి కాళ్ళు పట్టక ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ. కౌంటర్ ఎత్తు 36 ఇంచులైతే సీటు 24 నుంచి 26, కౌంటర్ 42 అయితే సీటు 28 నుంచి 30. మనిషికి 24 ఇంచుల వెడల్పు లెక్కేసుకోండి, మోకాళ్ళకి కౌంటర్ కనీసం 12 ఇంచులు బయటికి ఉండాలి. నల్ల స్టూల్స్ వద్దు, చెక్కవి గానీ తేనెరంగు లెదర్‌వి గానీ బాగా తేలతాయి. ఐలాండ్‌కి, వెనకున్న కౌంటర్‌కి మధ్య ఒక్కరే వంట చేసే ఇంట్లో 42 ఇంచులు, ఇద్దరు చేసే ఇంట్లో 48 ఖాళీ ఉండాలి. కొత్తగా కట్టించుకునేవాళ్ళు దీని దగ్గర మాత్రం రాజీ పడకండి.

నలుపు ఐలాండ్ ఒక్కదానిలోనే ఉంటే ఒంటరిగా కనిపిస్తుంది, పంపు, ఒక ఫొటో ఫ్రేము, కుర్చీ కాళ్ళు ఇలా ఇంకో రెండు చోట్ల కాస్త కాస్త కనిపిస్తే కలిసిపోతుంది, అంతకు మించొద్దు. మీద ఒక మూల ట్రే, దాంట్లో పచ్చటి ఆకులున్న కుండీ చాలు, మిగతాది ఖాళీగా వదిలేయండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు పెయింట్ జోలికి పోకండి, పోవాలంటే ఓనర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అంటించే ఫిల్మ్ కూడా పొయ్యి వేడికి అంచులు లేస్తుంది, పీకేటప్పుడు కింద పెయింట్ ఊడొచ్చిందంటే డిపాజిట్‌లో కోస్తారు. ప్లగ్‌లో పెట్టుకునే పెండెంట్ లైట్లు దొరుకుతాయి, అవీ, స్టూల్స్, కింద పరిచే లైట్ కలర్ రన్నర్ (సన్నటి పొడవాటి కార్పెట్) ఒకటి, ఇవయితే ఇల్లు మారినప్పుడు మీతోనే వచ్చేస్తాయి.