రాత్రికి రాత్రి వచ్చిన అప్‌డేట్‌తో స్మార్ట్ తాళం మూగబోతే కంపెనీని నిలదీయవచ్చా?

ప్రశ్న: ఒకే కంపెనీ తయారుచేసిన స్మార్ట్ హబ్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను యాప్‌తో కలిపే పెట్టె), తలుపు తాళం కొని పద్నాలుగు నెలలయింది. ఆ హబ్‌కే వేరే కంపెనీ బల్బులు ఆరు కలిపి వాడుకుంటున్నాం. గత నెలలో ఒక రాత్రి హబ్‌కు దానంతట అదే ఫర్మ్‌వేర్ (పరికరాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం) అప్‌డేట్ వచ్చింది. తెల్లారేసరికి యాప్‌లో తాళం 'ఆఫ్‌లైన్' అని చూపిస్తోంది, బల్బులు జాబితాలోనే లేవు. సర్వీస్ సెంటర్ వారు మొదట రౌటర్ తప్పన్నారు. తర్వాత ఏడాది వారంటీ ముగిసింది కనుక కొత్త హబ్ కొనుక్కోమన్నారు. యాప్ షరతులకు మీరే ఒప్పుకున్నారు కదా అని కూడా అంటున్నారు. చట్టప్రకారం నాకు దారి ఉందా? ఇంటర్నెట్‌లో దొరికే వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటే చిక్కులొస్తాయా?

జవాబు: దారి ఉంది. తాళం విషయంలో మీ వాదన గట్టిగానే నిలుస్తుంది. బల్బుల సంగతి మాత్రం పెట్టె మీద ఏం రాసి ఉందన్న దాన్ని బట్టి తేలుతుంది. చట్టం జోలికి వెళ్లేముందు ఒక మాట: ఇంకా చేసి ఉండకపోతే హబ్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. ఫోన్లో మాట్లాడే సహాయకులు అందరికీ మొదట చెప్పేది అదే. దానితో పరికరం బాగుపడినా పడకపోయినా, ఏ తేదీన ఏ వెర్షన్ వచ్చింది, ఆ తర్వాత ఏ పరికరం ఎప్పుడు తెగిపోయింది అని తెలిపే లాగ్ చాలా హబ్‌లలో చెరిగిపోతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కక్షిదారు అప్పటికే మూడుసార్లు రీసెట్ చేసి, చచ్చిన హబ్‌ను సంచిలో వేసుకుని వచ్చారు. అప్‌డేట్ వల్లే చెడిందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు, కానీ వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి మా చేతిలో ఒక్క కాగితం లేదు.

కాబట్టి మీరు చేసే ప్రతి పరీక్షా మరమ్మతు కోసమే కాదు, సాక్ష్యం కోసం కూడా అనుకుని చేయండి. యాప్ సెట్టింగ్స్‌లో హబ్, తాళాల వెర్షన్ సంఖ్యలు, అప్‌డేట్ తేదీ కనిపించే తెరలను ఫొటో తీసుకోండి. హబ్ దీపం ఏ రంగులో ఎలా మినుకుతోందో, తాళం మీద వేలు పెడితే ఏమవుతోందో ఒకే వీడియోలో, మధ్యలో ఆపకుండా తీయండి. ఆ తర్వాత రౌటర్ వాదనను పరీక్షించండి. మీ తాళం హబ్‌తో జిగ్‌బీ లేదా జెడ్-వేవ్ (వైఫై కాని, స్మార్ట్ పరికరాల సొంత రేడియో పద్ధతులు) ద్వారా మాట్లాడే రకమైతే, ఆ రెంటి నడుమ సంకేతం రౌటర్ గుండా పోదు. హబ్ ఇంటర్నెట్‌కు చక్కగా కలిసి ఉండి తాళం ఒక్కటే తెగిపోయిందంటే 'రౌటర్ తప్పు' అనే మాట చాలావరకు వీగిపోతుంది. అయితే జిగ్‌బీ, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి కనుక వైఫై అడ్డు తగులుతోందని కంపెనీ అనవచ్చు. దానికి సమాధానంగా హబ్‌ను రౌటర్‌కు దూరంగా, తాళానికి దగ్గరగా జరిపి ఒకసారి ప్రయత్నించి, ఫలితాన్ని తేదీతో రాసిపెట్టుకోండి. తాళం నేరుగా వైఫైతోనే పనిచేసేదైతే, చాలా పరికరాలకు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ అందదు కనుక, ఈ మధ్య రౌటర్ మార్చారా, దాని భద్రతా సెట్టింగ్‌ను కొన్ని పరికరాలు అందుకోలేని కొత్త రకం డబ్ల్యూపీఏ3కి మార్చారా అన్నది మీరే నిజాయతీగా చూసుకోవాలి. అక్కడే కారణం దొరికితే కేసు లేదు, ఖర్చూ లేదు.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(10) ప్రకారం వస్తువు నాణ్యతలో లేదా ప్రమాణంలో ఉండే కొరత లోపమే. ఆ ప్రమాణం చట్టం విధించినదే కానక్కరలేదు. ఒప్పందంలో స్పష్టంగానో అంతర్లీనంగానో ఉన్నదైనా, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్నదైనా సరిపోతుంది. ఫర్మ్‌వేర్ వస్తువు కాదు, అది వట్టి సాఫ్ట్‌వేర్ అని కంపెనీ న్యాయవాది అంటే కంగారు పడనక్కరలేదు. తయారై అమ్మకానికి వచ్చే సాఫ్ట్‌వేర్ కూడా సరుకేనని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. అది అమ్మకపు పన్ను వివాదమే అయినా అందులోని తర్కం మీకూ అక్కరకొస్తుంది. పైగా ఫర్మ్‌వేర్ లేని హబ్ ప్లాస్టిక్ డబ్బా మాత్రమే. మరొక వైపు నుంచి చూస్తే, మీ ఇంటి పరికరంలోకి దూరం నుంచి కొత్త ప్రోగ్రాం పంపడం కంపెనీ మీకు చేసే సేవ, దాన్ని సరిగా పరీక్షించకుండా పంపడం సెక్షన్ 2(11) కింద సేవాలోపం. ఉచితంగా చేసే సేవ ఈ చట్టం పరిధిలోకి రాదు కనుక 'అప్‌డేట్ ఉచితం కదా' అన్న మాట తప్పక వస్తుంది. ఆ అప్‌డేట్ల హామీ పరికరం ధరలోనే కలిసి ఉందని, అమ్మేటప్పుడు 'ఎప్పటికప్పుడు కొత్త ఫీచర్లు' అని చెప్పుకున్నదే దానికి రుజువని జవాబు ఇవ్వాలి.

వారంటీ ముగిసిందన్న వాదనకు మీరు అనవసరంగా భయపడ్డారని నా ఉద్దేశం. వారంటీ గడువు అనేది వాడకం వల్ల వచ్చే అరుగుదలకు, లోపలి విడిభాగాల వైఫల్యానికి కంపెనీ పెట్టుకున్న హద్దు. మీ హబ్ అరిగిపోయి చెడలేదు. పద్నాలుగో నెలలో కంపెనీయే చేతులారా చేసిన పని వల్ల చెడింది. పరికరం అమ్మిన ఏడాది తర్వాత వచ్చిన మెకానిక్ తప్పుడు స్క్రూ బిగించి పోతే, వారంటీ అయిపోయిందని అతను తప్పించుకోలేడు కదా. సెక్షన్ 69 విధించే రెండేళ్ల కాలపరిమితిని కూడా కొన్న తేదీ నుంచి కాక, వ్యాజ్య కారణం పుట్టిన తేదీ నుంచి, అంటే మీ విషయంలో అప్‌డేట్ వచ్చిన రాత్రి నుంచి లెక్కించాలని వాదించవచ్చు.

షరతులకు ఒప్పుకున్నారన్న మాట కొంచెం జాగ్రత్తగా చూడవలసినది. ఆ షరతుల్లో 'ఫీచర్లను ఎప్పుడైనా మార్చే, తీసేసే హక్కు మాకుంది' అన్న వాక్యం ఉంటుంది. సెక్షన్ 2(46) వినియోగదారుడి హక్కులను గణనీయంగా మార్చేలా ఏకపక్షంగా రాసుకున్న కొన్ని రకాల ఒప్పందాలను అన్యాయమైన ఒప్పందాలుగా పేర్కొంటుంది. అయితే చాలామంది గమనించని మెలిక ఒకటుంది: అన్యాయమైన ఒప్పందంపై ఫిర్యాదును జిల్లా కమిషన్ వినదు, అది రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీ కేసుకు అంత దూరం అవసరం లేదు. లోపం, సేవాలోపం అన్న రెండు కాళ్ల మీదే జిల్లా కమిషన్‌లో నిలబడండి. ఫీచర్ మార్చే హక్కు వేరు, పనిచేస్తున్న పరికరాన్ని పాడుచేసే హక్కు వేరు అని అక్కడే చెప్పవచ్చు.

బల్బుల దగ్గరకు వద్దాం. ఇలాంటిది మీకే మొదటిసారి జరగలేదు. 2015 డిసెంబరులో ఫిలిప్స్ హ్యూ వ్యవస్థకు వచ్చిన ఒక అప్‌డేట్‌తో ఇతర కంపెనీల బల్బులు కొత్తగా కలపడానికి వీల్లేకుండా పోయింది. వాడుకరుల నిరసనతో కొద్ది రోజుల్లోనే ఆ కంపెనీ వెనక్కి తగ్గింది. అక్కడ పనిచేసింది కోర్టు కాదు, జనం కోపం. మీ హబ్ పెట్టె మీద, కంపెనీ ప్రకటనలో లేదా మీ రసీదు వెంట వచ్చిన పుస్తకంలో 'ఇతర కంపెనీల జిగ్‌బీ బల్బులతో పనిచేస్తుంది' అని గానీ, మ్యాటర్ (వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ఉమ్మడి ప్రమాణం) గుర్తు గానీ ఉంటే అది వ్యాపారి చెప్పుకున్న ప్రమాణమే, దాన్ని అప్‌డేట్ ద్వారా వెనక్కి తీసుకోవడం కుదరదు. అలాంటి మాట ఎక్కడా లేకుండా, కలిసి పనిచేస్తున్నాయి కదా అని మీరే కలుపుకుని ఉంటే ఆ భాగం బలహీనం. దాన్ని ఫిర్యాదులో ముందుకు తోస్తే తాళం వాదన కూడా పలచబడుతుంది. పెట్టె పారేశారా? కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీని ఇప్పుడే ఫొటో తీసి ఉంచండి, ఇలాంటి పేజీల్లో మాటలు చెప్పాపెట్టకుండా మారిపోతుంటాయి.

ఇక చేయవలసిన పని. ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా, వెర్షన్ సంఖ్యలతో సహా రాయండి. పాత వెర్షన్‌కు తిరిగి మార్చమని, అది వీలుకాకపోతే పరికరం మార్చమని లేదా సొమ్ము వాపసు ఇమ్మని మూడు కోరికలూ అందులోనే ఉండాలి. ఆన్‌లైన్ వేదికలో కొన్నట్లయితే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్లు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. కంపెనీలు దీనికి సర్వీస్ సెంటర్ మెయిల్ కన్నా త్వరగా బదులిస్తాయి. ఫలితం లేకపోతే లాయర్ నోటీసు, ఆ తర్వాత మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు అయితే కోర్టు రుసుము లేదు. తయారీదారునూ, అమ్మినవారినీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే ఆ ఒక్కరు రెండోవారి మీదికి నెడతారు.

లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే సెక్షన్ 38(2)(సి) కింద కమిషన్ పరికరాన్ని ప్రయోగశాలకు పంపుతుంది, దాని రుసుము మొదట మీరే జమచేయాలి. హబ్‌ను మరమ్మతుకు ఇచ్చేస్తే ఆ పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు, అందుకే విడిచిపెట్టే ముందు సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీట్ మీద అప్పటి వెర్షన్, లోపం రాయించి సంతకం తీసుకోండి. ఫోన్లోని ఫొటోలు, వీడియోలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేస్తే మంచిది. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని పట్టుబట్టి పాటించకపోయినా, ఎదుటివారికి అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వకూడదు.

చివరిగా వేరే ఫర్మ్‌వేర్ ప్రశ్న. మీ సొంత పరికరంలో సొంత అవసరానికి అలా చేయడం నేరమవుతుందని నేననుకోను. వేరే ప్రోగ్రాంతో కలిసి పనిచేయించడానికి అవసరమైన సమాచారం మరోలా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకునే పనికి కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఏబీ) మినహాయింపు ఇస్తోంది. కానీ ఇప్పుడు వద్దు. ఎక్కిస్తుండగా కరెంటు పోతే హబ్ పూర్తిగా మూతపడవచ్చు, అప్పుడు ఆ రాత్రి అప్‌డేట్ చేసిన చెరుపును, మీ చేతితో జరిగిన చెరుపును వేరు చేసి చూపడం ఎవరి తరమూ కాదు. పరికరాన్ని మార్పు చేస్తే ఉత్పత్తి బాధ్యత దావా (లోపమున్న వస్తువు వల్ల కలిగిన నష్టానికి పరిహారం కోరే దావా) అమ్మినవారి మీద వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 87 అడ్డు వస్తుంది. తాళం తెరుచుకునే ఉండిపోయి ఇంట్లో దొంగతనం లాంటి నష్టం జరిగితే మీకు పనికొచ్చేది ఆ దావాయే కనుక దాన్ని పోగొట్టుకోకండి. అంతవరకు ఆ తలుపుకు మామూలు తాళం కూడా వేసుకోండి, ఆ ఖర్చు రసీదును కూడా ఫిర్యాదుకు జతచేయవచ్చు.