అల్లం నీళ్లు సరే, పేరు తెలియని పొడి వద్దు

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 20. చైనాలోని నాన్‌జింగ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాను. నెలసరి మొదటిరోజు నొప్పితో మంచం దిగలేను. హాస్టల్లోని చైనా స్నేహితురాలు నన్ను చల్లనీళ్లు ముట్టనివ్వదు. అల్లం, ఎర్ర చక్కెర వేసి మరిగించిన నీళ్లు ఇస్తుంది, చీలమండ పైన ఎక్కడో నొక్కుతుంది. కాస్త హాయిగానే ఉంటుంది. ఇప్పుడు వాళ్ల అమ్మమ్మ పంపిన మూలికల పొడి తాగమంటోంది. తాగవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పొడి వద్దమ్మా. మిగిలినవి మానకండి.

రక్తం సాఫీగా కదలని చోట నొప్పి పుడుతుందని, చలువ దాన్ని అడ్డగిస్తుందని చైనా సంప్రదాయ వైద్యం చెబుతుంది. మన పాఠ్యపుస్తకాల ప్రకారం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల వల్ల గర్భాశయ కండరం బిగుసుకుంటుంది. ఎవరి లెక్క ఏదైనా వేడి కాపడం పనిచేస్తుంది. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకోండి. చల్లనీళ్లు తాగినంత మాత్రాన గర్భాశయం చల్లబడదు గానీ, ఆ విషయంలో స్నేహితురాలితో వాదన దేనికి!

ఆమె నొక్కే చోటును సాన్‌యిన్‌జియావ్ అంటారు. లోపలివైపు చీలమండ ఎముకకు నాలుగు వేళ్ల వెడల్పు పైన, కాలి ఎముక వెనక అంచున ఉంటుంది. కొలవాల్సింది మీ వేళ్లతో, ఆమె వేళ్లతో కాదు. గర్భిణులకు అక్కడ నొక్కకూడదని అక్కడి వైద్యులే హెచ్చరిస్తారు. కొందరు పొత్తికడుపు దగ్గర ఎండుటాకు చుట్టను కాల్చి సెగ చూపిస్తారు. ఆ ఆకు మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతిదే. హాస్టల్ గదిలో మాత్రం ఆ నిప్పు పని వద్దు.

ఇక మూలికలు. 2008లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 39 అధ్యయనాలను పరిశీలించి, ఫలితాలు ఆశాజనకమే గానీ అధ్యయనాల నాణ్యత తక్కువని తేల్చింది. ఈ నొప్పికి ఎక్కువగా వాడే డాంగ్‌గ్వేయ్ వేరు, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం పెరగవచ్చు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక చైనా మూలికకు బదులు మరొకటి కలిసి, ఎందరో మహిళల మూత్రపిండాలు పాడయ్యాయి. అమ్మమ్మ ప్రేమను నేను శంకించడం లేదు. పొట్లంలో ఏముందో తెలియదన్నదే నా అభ్యంతరం. మూలికలే కావాలంటే అక్కడి సంప్రదాయ వైద్య ఆసుపత్రిలో చూపించుకుని, రాసిచ్చిన ప్రతి మూలిక పేరు మీ దగ్గర ఉంచుకోండి.

నొప్పి మొదలవగానే, ఏదైనా తిన్నాక మెఫెనమిక్ ఆమ్లం లేదా ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకోవచ్చు. భరించలేనంత అయ్యేదాకా ఆగితే అంతగా పనిచేయదు. కడుపులో పుండు, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు ఉంటే ముందు డాక్టరును అడగండి. నొప్పి ఏటేటా పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లో వస్తున్నా, నెలసరి రోజుల్లో మలవిసర్జన బాధగా ఉన్నా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉందేమో చూడాలి. సెలవులకు ఇంటికి వచ్చేదాకా ఆగకుండా అక్కడే గైనకాలజిస్టును కలవండి.