ఫైబర్ బాడీ కారు కోసం 401కె మీద అప్పు తీయొచ్చా?

ప్రశ్న: మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. నాకు 38 ఏళ్లు, హెచ్1బి మీద ఉన్నాను, గ్రీన్ కార్డు క్యూ కదలడం లేదు. మా ఆవిడ హెచ్4 ఈఏడీతో (హెచ్1బి వాళ్ల జీవిత భాగస్వామికిచ్చే పని అనుమతి) పార్ట్ టైం చేస్తోంది, ఇద్దరు పిల్లలు. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేది, నేను అక్కడే పెరిగాను. పోయినేడాది 1974 నాటి బ్రాడ్లీ జీటీ కిట్ కారు 3,500 డాలర్లకు దొరికితే కొన్నాను. బాడీ అంతా ఫైబర్‌గ్లాస్, కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఛాసిస్. ఇప్పటికి ఇంకో 2,100 పెట్టాను. పూర్తి చేయడానికి 18,000 కావాలి: ఇంజన్ రీబిల్డ్ 4,500, పెయింట్ 7,000, ఫ్లోర్, బ్రేకులు, వైరింగ్‌కు 3,000, సీట్లకు 1,500, పనిముట్లకు 2,000. 401కె రిటైర్‌మెంట్ ఖాతా మీద లోన్ తీయాలా, ఇల్లు తనఖా పెట్టి హెలాక్ అనే అప్పు తీయాలా? వేలంలో ఇలాంటి కార్లు 30,000 దాకా పోవడం చూశాను, యూట్యూబ్‌లో వీడియోలు పెట్టినా కొంత వస్తుంది, కాబట్టి ఇది పెట్టుబడే అని నా లెక్క. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. బ్యాంకులో 14,000 ఉన్నాయి, నెల ఖర్చు 5,600, అన్నీ పోను నెలకు 1,000 మిగులుతుంది.

జవాబు: కారు పూర్తి చేయండి, అప్పు మాత్రం రెండు రకాలదీ వద్దు. పెట్టుబడి అన్న మాటను కూడా పక్కన పెట్టేయండి, ఎందుకంటే మిగతా తప్పు లెక్కలన్నీ ఆ మాటలోంచే పుడుతున్నాయి.

ముందు ఆ 30,000 సంగతి చూద్దాం. మీరు వేలంలో చూసింది బహుశా మేయర్స్ మాంక్స్ అయి ఉంటుంది. తయారీలో చూస్తే రెండూ ఒకటే, ఫైబర్ బాడీ, కింద బీటిల్ ఛాసిస్. కానీ మాంక్స్ కథ వేరు. కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో బ్రూస్ మేయర్స్ 1964లో మొదటిది తయారు చేశాడు, డ్యూన్ బగ్గీ (ఇసుక దిబ్బల మీద నడిపే తేలికపాటి బండి) అంటే అందరికీ గుర్తొచ్చే రూపం అదే. దాన్ని ఎంతమంది కాపీ కొట్టారంటే ఆయన కోర్టుకెళ్లాల్సి వచ్చింది, అక్కడ కేసు ఓడిపోయాడు, ఆ తర్వాత కంపెనీ మూతబడింది. అందుకే ఇవాళ అసలు మాంక్స్ అని రుజువైనదానికి ఒక ధర, అచ్చం అలాగే కనిపించే కాపీకి అందులో చిన్న ముక్క. మీ బ్రాడ్లీ జీటీ కాపీ కాదు, దాని డిజైన్ దానికుంది, మిన్నెసోటా కంపెనీ ఒకటి 1970లలో వేల సంఖ్యలో అమ్మిన కిట్. కానీ ఆ సంఖ్యే ధరకు అడ్డం. పైగా కిట్ అంటే కంపెనీ బాడీ ఇచ్చింది, బిగించింది ఎవరో ఒక ఇంటాయన, ఒక్కో కారు ఒక్కోలా ఉంటుంది. నేను చూసినంతలో బాగా చేసిన బ్రాడ్లీ జీటీలు పది వేల డాలర్లకు అటూ ఇటూగా చేతులు మారుతున్నాయి. మీరు పెట్టినవీ పెట్టబోయేవీ కలిపితే 23,600. ఒకవేళ నిజంగా 30,000 వచ్చినా మిగిలేది 6,400, దాని మీద పన్ను కట్టాలి, మీరు గ్యారేజీలో గడిపే శని ఆదివారాలకు పైసా కూలి కట్టకుండా వచ్చిన లెక్క అది. నష్టానికి అమ్మితే ఇంకా ఘోరం, సొంత వాడకపు కారు మీద వచ్చిన నష్టాన్ని పన్నులో చూపించుకోనివ్వరు. అయినా రసీదులన్నీ ఒక ఫోల్డర్‌లో దాచండి, లాభం వచ్చినా ఎంత పెట్టారో చూపించడానికి అవే ఆధారం.

ఇక 401కె లోన్. దీని గురించి మంచిమాటే ఎక్కువ వింటారు, వడ్డీ మనకే తిరిగొస్తుంది కదా అని. నిజమే, వస్తుంది. మీ ఖాతాలో ఉన్న సొంత వాటాలో సగం లేదా 50,000, ఏది తక్కువైతే అంతవరకు తీయొచ్చు, మామూలుగా అయిదేళ్లలో కట్టేయాలి. ఉద్యోగం ఉన్నంతకాలం ఫర్వాలేదు. పోతేనే చిక్కు. మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా వేరే రిటైర్‌మెంట్ ఖాతాలో జమ చేయలేకపోతే అదంతా మీరు ఖర్చుకు తీసుకున్న డబ్బు కిందే లెక్క. 14,000 బాకీ ఉందనుకోండి, మీరు 22 శాతం శ్లాబులో ఉంటే అదీ, 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి ఇంకో 10 శాతం పెనాల్టీ, ఫెడరల్‌కే 4,480 కట్టాలి, రాష్ట్రం పన్ను వేరే. ఇదంతా ఎప్పుడొస్తుంది? హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఆలోపు కొత్త స్పాన్సర్ దొరకాలి, లేకపోతే ఇంకో స్టేటస్‌కు మారడమో ఇల్లూ పిల్లల బడీ వదులుకుని బయల్దేరడమో. ఆ రెండు నెలల్లో మీ ఇంట్లో ఉండే టెన్షన్‌కు ఈ బాకీ కూడా తోడవ్వాలా? పౌరసత్వం ఉన్న మీ పక్కింటాయన ఇదే లోన్ తీసుకుంటే నేను ఇంత గట్టిగా చెప్పను. మీ విషయంలో చెబుతున్నాను.

హెలాక్ గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. వడ్డీ మారుతూ ఉంటుంది, తనఖా పెట్టేది పిల్లలు పడుకునే ఇల్లు, ఇల్లు కొనడానికో కట్టడానికో బాగా మెరుగుపరచడానికో కాదు కాబట్టి వడ్డీకి పన్ను మినహాయింపు కూడా రాదు. కారుకు ఇల్లు కుదువ పెట్టడం వద్దు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 18,000 లోన్ ఎనిమిదిన్నర శాతం చొప్పున అయిదేళ్లకు తీస్తే నెలకు దాదాపు 370 కట్టాలి. నెలకు 370 కట్టగలిగే స్తోమత మీకుంది, అందులో సందేహం లేదు. మరి ఆ 370ని అప్పుకు కట్టే బదులు నేరుగా కారుకే పెట్టొచ్చు కదా? నాలుగేళ్లలో 17,760 అవుతుంది. ఏ నెలైనా ఇబ్బందొస్తే ఆపేయొచ్చు, ఎవరూ అడగరు. అప్పు చేసి పప్పు కూడు తినడం కంటే ఈ కూడు నింపాదిగా తినొచ్చు.

కాకపోతే మొత్తం 370 కూడా ఇప్పుడే వద్దు. మీ దగ్గర ఉన్న 14,000 రెండున్నర నెలల ఖర్చుకు సరి. వీసా మీద ఉన్న కుటుంబానికి ఆరు నెలలది, అంటే 33,600, చేతికందేలా ఉండాలి, నన్నడిగితే ఆపైన ఉన్నా ఎక్కువ కాదు. ఇంకా 19,600 తక్కువుంది. మిగిలే 1,000లో 650 ఈ అత్యవసర నిధికి, 350 కారుకు. అటువైపు రెండున్నరేళ్లలో నిండుతుంది. కారుకు ఏడాదికి 4,200 వస్తుంది. మీ 18,000లోంచి పెయింట్ 7,000 తీసేసి చివరికి నెట్టేస్తే మిగిలింది 11,000, అదీ రెండున్నరేళ్ల పైచిలుకులో అయిపోతుంది. ఆ పాటికి అత్యవసర నిధి నిండి ఉంటుంది, 650 చేతికొస్తుంది, పెయింట్‌కు ఏడాది కూడా పట్టదు. అందాకా ప్రైమర్ మీదే తిరగనివ్వండి, ఆటోనగర్‌లో పుట్టి పెరిగినవారికి ప్రైమర్ మీదున్న బండి కొత్తేం కాదు కదా. పనిముట్లకు అనుకున్న 2,000 కూడా ఒకేసారి పెట్టకండి. పెద్ద కంప్రెసర్ పెయింట్ వేసే రోజు కావాలి, అద్దెకు దొరుకుతుంది.

ఏది ముందు కొనాలన్నది కూడా డబ్బు విషయమే, అందుకే చెబుతున్నాను. ఫైబర్ కదా తుప్పు భయం లేదని చాలామంది అనుకుంటారు. బాడీకి లేదు, కింద ఉన్న ఇనుప ఫ్లోర్‌కు నిండా ఉంది. బీటిల్‌లో బ్యాటరీ వెనక సీటు కింద కుడివైపు ఉంటుంది, దశాబ్దాల పాటు దాని యాసిడ్ అక్కడి రేకును తినేస్తుంది. మీ కారులోనూ బ్యాటరీ అక్కడే ఉంటే కార్పెట్ ఎత్తి ఆ మూల స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. లోపలికి దిగబడితే ఫ్లోర్ ముందు, ఇంజన్ తర్వాత. ఫ్లోర్ పోయిన బండికి 4,500 పెట్టి ఇంజన్ కడితే ఆ డబ్బు కదలకుండా అక్కడే పడి ఉంటుంది. మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది, బీటిల్ మెక్సికోలో 2003 దాకా తయారైంది, కాబట్టి ఫ్లోర్ పాన్లు, బ్రేక్ సిలిండర్లు, ఇంజన్ సామాను కొత్తవే దొరుకుతాయి, ధరలూ అందుబాటులోనే ఉంటాయి. దొరకనివి బ్రాడ్లీ సొంత సామాన్లు, ముఖ్యంగా ఆ అక్రిలిక్ అద్దాలు. కంపెనీ ఎప్పుడో మూతబడింది. వాటిని విప్పేటప్పుడు బలవంతం చేయకండి, ఒకటి పగిలితే నెలల బడ్జెట్ దానికే పోతుంది.

అన్నిటికంటే ముందు, ఈ వారమే మార్చాల్సింది పెట్రోల్ గొట్టం. పాత బీటిళ్లలో ఇంజన్ పక్కనే పోయే రబ్బరు గొట్టం ఎండిపోయి పగుళ్లిస్తుంది, బొట్లు బొట్లుగా వేడి ఇంజన్ మీద పడుతుంది, ఈ బండ్లు తగలబడడానికి పేరున్న కారణం అదే. ఉక్కు బాడీ అయితే మంట కాస్త నిదానిస్తుందేమో, ఫైబర్‌గ్లాస్ అంటుకుంటే ఆగదు. కొత్త గొట్టం, క్లిప్పులు, ఫిల్టర్ కలిపి 50 డాలర్లు కూడా కావు. పెట్రోల్‌కు పనికొచ్చే మంట ఆర్పే సిలిండరు ఒకటి కొని గ్యారేజీ తలుపు పక్కన తగిలించండి, ఇంజన్ వెనకాల కాదు.

మీ గ్యారేజీ ఇంటికి కలిసే ఉందా? అందులో గ్యాస్ వాటర్ హీటర్ ఉందా? ఉంటే అక్కడ ఫైబర్ పనిలో శుభ్రం చేయడానికి వాడే అసిటోన్ డబ్బా మూత తీయకండి, ఆవిరి హీటర్ మంట దాకా పాకుతుంది. రెజిన్‌లో (ఫైబర్‌ను గట్టిగా పట్టి ఉంచే జిగురు) హార్డెనర్, అంటే గట్టిపరిచే రసాయనం, కలిపి మిగిలింది కప్పులో అలాగే వదిలేస్తే దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది, చెత్తబుట్టలో పడేస్తే అంటుకుంటుంది కూడా. చలికాలంలో మరో ఇబ్బంది, వేడి లేని గ్యారేజీలో రెజిన్ సరిగ్గా గట్టిపడదు, కాబట్టి తలుపులు మూసి హీటరు పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. ఫైబర్ పనంతా మే నుంచి సెప్టెంబరు దాకా తలుపులు బార్లా తీసి చేయండి, చలికాలం వైరింగూ బ్రేకులూ చూసుకోండి. రుద్దేటప్పుడు దుమ్ముకు, రెజిన్ వాసనకు రెండిటికీ పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్ కొనండి, కోవిడ్ నాటి మాస్కులు రెజిన్ ఆవిరిని ఆపవు. మీ ఆవిడ వద్దంటున్నది డబ్బు గురించి మాత్రమేనా, ఈ వాసన పిల్లల గదుల్లోకి వస్తుందనా? ఒకసారి అడిగి చూడండి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. గ్యారేజీ కాలిపోతే ఇంటి పాలసీ ఇంటికి ఇస్తుంది, అందులో ఉన్న కారుకు మామూలుగా ఇవ్వదు, మోటారు వాహనాలు అందులోంచి మినహాయింపు. రోజూ వాడే కారుకిచ్చే పాలసీలో దీన్ని చేర్పిస్తే ఆనాటి మార్కెట్ విలువ చూసి పాత బీటిల్ ధర చేతిలో పెడతారు. పాత కార్లకు ప్రత్యేకంగా పాలసీలిచ్చే కంపెనీలున్నాయి, ముందే ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం రాస్తారు, ఇంకా కట్టడంలో ఉన్న బండికి కూడా ఇచ్చేవాళ్లున్నారు. ప్రీమియం తక్కువే ఉంటుంది, ఎందుకంటే రోజూ వాడరు, గ్యారేజీలో పెడతారు, ఇంట్లో వేరే కారు ఉండాలన్న షరతు పెడతారు. మీరు పెట్టిన డబ్బు పెరిగేకొద్దీ ఆ మొత్తాన్ని ఏడాదికోసారి పెంచించుకోండి.

ఇంకో పైసా పెట్టకముందే టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, తీసి చూడండి. అందులో బ్రాడ్లీ అని ఉండకపోవచ్చు, ఏ బీటిల్ ఛాసిస్ మీద కట్టారో ఆ ఫోక్స్‌వ్యాగన్ పేరు, దాని సంవత్సరం ఉంటాయి. నంబరు ఛాసిస్ మధ్యలో పోయే గొట్టంలాంటి భాగం మీద, వెనక సీటు ఉండే చోట కొట్టి ఉంటుంది. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, ఫోన్ లైటు వేసి ఒక్కో అంకె సరిపోల్చుకోండి. కలిస్తే నిశ్చింత. కలవకపోతే సొంతంగా కట్టిన బండి కింద ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాలి, సామాను ఎక్కడ కొన్నారో రసీదులు అడుగుతారు, పాత యజమాని దగ్గర సంతకాలు కావాల్సి రావచ్చు. ఆయన ఇంకా ఫోన్ ఎత్తుతున్నప్పుడే ఆ పని కానివ్వండి.

యూట్యూబ్ ఆదాయం లెక్కలోంచి కొట్టేయండి. హెచ్1బి మీద మీకు పని చేసే అనుమతి స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే. సరదాకు వీడియో పెట్టడం వేరు, యాడ్స్ ఆన్ చేసి డబ్బు తీసుకోవడం వేరు. అలాగే మీ సొంత కారు ఒకటి అమ్ముకుంటే ఎవరూ ఏమీ అనరు, ఒకటి బాగు చేసి అమ్మి, ఆ డబ్బుతో ఇంకోటి కొని మళ్లీ అమ్మితే అది వ్యాపారం. ఏళ్ల తరబడి క్యూలో నిలబడి, నెలకు వచ్చే కొద్ది డాలర్ల కోసం గ్రీన్ కార్డుకే ఎసరు తెచ్చుకోవద్దు. ఆ ఆలోచన గట్టిగా ఉంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, నాతో కాదు.

మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు 30,000 ఊసెత్తకండి. ఆవిడ ఆ అంకెను నమ్మలేదు, సరిగ్గానే నమ్మలేదు. నెలకు 350, ఆపైన పైసా కాదు, ఆ 650 ఆగిన నెల కారుకూ ఆగుతుంది అని చెప్పండి. కారుకు వేరే చెకింగ్ ఖాతా తెరిచి, జీతం పడిన రోజే 350 అందులోకి వెళ్లేలా పెట్టండి, ఆవిడ పేరు కూడా ఆ ఖాతాలో చేర్చండి. క్రెడిట్ కార్డు మీద సామాను కొనొద్దు, 20 శాతం పైన వడ్డీ. ఆవిడ కూడా ప్రతి నెలా అంతే మొత్తం తనకిష్టమైనదానికి తీసుకుంటానంటే అడ్డు చెప్పకండి, కారుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, అంతే.

మీ నాన్నగారు విజయవాడలోనే ఉంటే బ్రేకులు విప్పే రోజు వీడియో కాల్ చేయండి. ఈ పనిలో మీకు వచ్చేది అదీ, మీ పిల్లలు మీ పక్కన నిలబడి స్పానర్ అందించడమూ. దానికి నెలకు 350 డాలర్లు పెట్టడం నా దృష్టిలో దుబారా కాదు, నా క్లయింట్లలో అంతకంటే ఎక్కువ పెట్టి అంతకంటే తక్కువ పొందుతున్నవాళ్లున్నారు. ఆరు నెలల తర్వాత ఫ్లోర్ ఎలా ఉందో, ఖాతాలో ఎంతుందో రాయండి, ఇంజన్ ఎప్పుడు దింపాలో అప్పుడు చూద్దాం.