ధరలు కలిసి పెరిగితే కుమ్మక్కు అని థీసిస్‌లో రాయవచ్చా?

ప్రశ్న: నేను ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మన దేశంలోని ఒక పరిశ్రమలో నాలుగు పెద్ద కంపెనీల ఆరేళ్ల ధరలు సేకరించాను. నలుగురూ దాదాపు ఒకే రోజుల్లో, ఒకే శాతంలో ధరలు పెంచారు. ముడిసరుకు చౌకైన నెలల్లో కూడా ఎవరూ తగ్గించలేదు. ఇది కార్టెల్, అంటే కంపెనీల కుమ్మక్కు, అని థీసిస్‌లో, ఆ తర్వాత జర్నల్ పేపర్‌లో కంపెనీల పేర్లతో రాయవచ్చా? పరువునష్టం కేసు పడుతుందేమోనని మా గైడ్ టెన్షన్ పడుతున్నారు. మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ దగ్గరున్న దర్యాప్తు కాగితాలు ఆర్‌టీఐ కింద అడగవచ్చా? నా పరిశోధన ఆధారంగా నేనే కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చా?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: మీరు కనుగొన్నది రాయవచ్చు. కంపెనీల పేర్లతో సహా రాయవచ్చు. అయితే ధరలు కలిసి కదిలాయని మీ డేటా చూపించింది. వాళ్లు మాట్లాడుకుని పెంచారని చూపించలేదు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తెలుసుకుని రాస్తే మీ థీసిస్‌కు బలం, మీకు రక్షణ రెండూ దొరుకుతాయి. అందుకే ముందు దీని గురించే కొంచెం వివరంగా చెబుతాను.

కాంపిటీషన్ చట్టం, 2002లోని సెక్షన్ 3(3) ప్రకారం, పోటీదారులు ధరలు నిర్ణయించుకోవడానికో, ఉత్పత్తి తగ్గించడానికో, మార్కెట్‌ను పంచుకోవడానికో, టెండర్లలో కుమ్మక్కు కావడానికో ఒప్పందం చేసుకుంటే దానివల్ల పోటీకి హాని జరిగిందనే చట్టం అనుకుంటుంది. జరగలేదని నిరూపించుకోవాల్సింది కంపెనీలే. కానీ ఈ వెసులుబాటు ఒప్పందం ఉందని తేలిన తర్వాతే. ఒప్పందం ఉందనే విషయాన్ని చట్టం ఊహించుకోదు, దాన్ని చూపించాలి. అలాగని సంతకాలు పెట్టిన కాగితమే కావాలనీ లేదు. సెక్షన్ 2(బి) ప్రకారం నోటిమాట, లోపాయికారీ అవగాహన, కూడబలుక్కుని చేసిన పని ఇవన్నీ ఒప్పందం కిందికే వస్తాయి. రహస్యంగా జరిగేదానికి కాగితం దొరకదని చట్టం రాసినవాళ్లకు తెలుసు. కాబట్టి పరిస్థితులను బట్టి కూడా రుజువు చేయవచ్చు. ఆ పరిస్థితులు ఎంత గట్టిగా ఉండాలన్నదే అసలు చర్చ.

ఈ విషయంలో మీరు రెండు సుప్రీంకోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. 2017లో వచ్చిన ఎక్సెల్ క్రాప్ కేర్ తీర్పు మొదటిది. ఆహార ధాన్యాల నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల కోసం ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పిలిచిన 2009 టెండర్‌లో కంపెనీలు కిలోకు రూ.388 అని ఒకే ధర కోట్ చేశాయి. వాటి ఫ్యాక్టరీలు వేర్వేరు చోట్ల ఉన్నాయి, ఉత్పత్తి ఖర్చులు వేరు. అంతకుముందు ఏళ్లలోనూ ఇదే తీరు. ఖర్చులు వేరైనప్పుడు ధర ఒక్కటే ఎలా అయిందన్న ప్రశ్నకు కంపెనీల దగ్గర నమ్మదగ్గ జవాబు లేకపోయింది. కుమ్మక్కు జరిగిందన్న నిర్ధారణను కోర్టు నిలబెట్టింది.

రెండోది 2018లో వచ్చిన రాజస్థాన్ సిలిండర్స్ తీర్పు. వంటగ్యాస్ సిలిండర్లు తయారుచేసే నలభైకి పైగా కంపెనీలు ఇండియన్ ఆయిల్ టెండర్‌లో ఒకే రకం ధరలు వేశాయి. టెండర్‌కు ముందు వాటి ప్రతినిధులు ముంబైలో ఒక హోటల్లో సమావేశమైనట్టు రికార్డులో ఉంది. కమిషన్ జరిమానా వేసింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణం, ఆ సిలిండర్లు కొనేవాళ్లు మూడు ప్రభుత్వ చమురు కంపెనీలే. సరుకు ఒకే రకం. పాత టెండర్ల ధరలు అందరికీ తెలుసు. ఇలాంటి మార్కెట్‌లో ఎవరూ ఎవరితో మాట్లాడకుండానే ధరలు దగ్గరకు చేరవచ్చని, ధరలు ఒకేలా ఉండడం ఒక్కటే కుమ్మక్కుకు రుజువు కాదని కోర్టు చెప్పింది. ఆ హోటల్ సమావేశానికి ఇంకొంచెం విలువ ఇచ్చి ఉండాల్సిందని నా అభిప్రాయం. కానీ తీర్పు తీర్పే, మీ థీసిస్ దాన్ని ఎదుర్కోవాలి.

యూరప్‌లో 1993లో వుడ్ పల్ప్ కేసులోనూ ఇదే జరిగింది. కాగితపు గుజ్జు ధరలు కలిసి పెరగడానికి కుమ్మక్కు తప్ప వేరే నమ్మదగిన కారణం లేదన్నప్పుడే అది రుజువవుతుందని యూరోపియన్ కోర్టు తేల్చింది. ఆ మార్కెట్ ఎలా పనిచేస్తుందో చెప్పమని కోర్టే నిపుణులను నియమించుకుని నివేదికలు తెప్పించుకుంది. మీలాంటి పరిశోధకుల పని కోర్టుకు ఎంత అవసరమో దీన్నిబట్టి చూడండి.

కాబట్టి థీసిస్‌లో మీ శ్రమ ఎక్కువగా వెళ్లాల్సింది ధరలు కలిసి పెరిగాయని చూపించడానికి కాదు, అది ఎక్సెల్ షీట్‌లోనే కనిపిస్తుంది. వేరే కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించడానికి. పన్ను మారిందా? నలుగురూ ఒకే సరఫరాదారు దగ్గర ముడిసరుకు కొంటున్నారా? ఒక పెద్ద కంపెనీ ముందు పెంచితే మిగతావాళ్లు అనుసరించారా, లేక ఎవరి ప్రకటనా రాకముందే అందరూ ఒకేసారి పెంచారా? సామర్థ్యం ఖాళీగా ఉన్నా ఉత్పత్తి తగ్గించారా? పరిశ్రమ సంఘం సమావేశాల తేదీలకూ ధర పెరిగిన తేదీలకూ పొంతన ఉందా? ముడిసరుకు చౌకైనా ధర తగ్గలేదన్న మీ పరిశీలన చాలా విలువైనది. కానీ పాత ధరకు కొన్న నిల్వలు అయిపోవడానికి పట్టిన సమయాన్ని తీసేసి చూశారా? అవతలి లాయర్ మొట్టమొదట అడిగేది అదే.

ఇక రాసే తీరు. ఈ విషయంలో నాకు బాగా నచ్చే ఉదాహరణ అమెరికాలో 1994లో వచ్చిన ఒక పరిశోధన. విలియం క్రిస్టీ, పాల్ షుల్ట్జ్ అనే ఇద్దరు ఫైనాన్స్ ప్రొఫెసర్లు నాస్డాక్ అనే అమెరికా షేర్ మార్కెట్‌లో బాగా ట్రేడయ్యే 100 షేర్ల ధరలు పరిశీలించారు. అప్పట్లో అక్కడ ధరలు డాలర్‌లో ఎనిమిదో వంతుల లెక్కన చెప్పేవారు. వందలో 70 షేర్లకు డీలర్లు ఒకటి, మూడు, ఐదు, ఏడు వంటి బేసి వంతులను దాదాపు వాడడమే లేదు. దాంతో కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా, అంటే డీలర్ల లాభం, పెద్దదిగా నిలిచిపోయింది. వీళ్లు దొంగలు అని ఆ ప్రొఫెసర్లు రాయలేదు. డీలర్ల మధ్య లోపాయికారీ అవగాహన ఉందా అనే ప్రశ్న తలెత్తుతోందని రాశారు. వార్త బయటికి రాగానే పెద్ద షేర్లలో ఆ తేడా తగ్గిపోయింది. ప్రభుత్వ దర్యాప్తులు మొదలయ్యాయి. చివరకు సివిల్ కేసుల్లో డీలర్ సంస్థలు దాదాపు 100 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడ్డాయి. ఇద్దరు పరిశోధకులు ఒక మాట ఎక్కువ రాయకుండానే ఇంత సాధించారు. మీరు కూడా "ఈ ధరల తీరు స్వతంత్ర నిర్ణయాలతో సరిపోలడం లేదు, కుమ్మక్కు అనే అవకాశాన్ని నియంత్రణ సంస్థ పరిశీలించాల్సి ఉంది" అని రాయండి. "ఈ నాలుగు కంపెనీలు కుమ్మక్కయ్యాయి" అని రాయకండి.

కమిషన్ ఇప్పటికే తప్పుపట్టిన కంపెనీ అయితే ఆ మాట రాయవచ్చు, కానీ కేసు ఏ దశలో ఉందో తప్పకుండా చెప్పాలి. సిమెంట్ కేసే చూడండి. 2012లో కమిషన్ సుమారు రూ.6,300 కోట్ల జరిమానా వేసింది. 2015లో అప్పటి అప్పీలు ట్రిబ్యునల్ విచారణ పద్ధతిలో లోపం ఉందని ఆ ఉత్తర్వును పక్కనపెట్టింది. 2016లో కమిషన్ మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది, 2018లో ఇప్పటి అప్పీలు ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ దాన్ని సమర్థించింది. 2012 ఉత్తర్వును మాత్రమే చెప్పి వదిలేస్తే అది అర్ధసత్యం అవుతుంది.

పరువునష్టం భయం గురించి. మీ గైడ్ ఆందోళనలో న్యాయం ఉంది, కానీ పని ఆపేంత భయం అక్కర్లేదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ప్రకారం పరువునష్టం నేరం. రెండేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష, జరిమానా, లేదా సమాజ సేవ విధించవచ్చు. కంపెనీకి కూడా పరువు ఉంటుందని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. సివిల్ దావా వేరుగా వేయవచ్చు, ప్రచురించిన ఏడాదిలోపు వేయాలి. థీసిస్ ఎవరు చదువుతారులే అనుకోకండి. అది పీహెచ్‌డీ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలో పెట్టాక దేశమంతా చదవగలదు, చట్టం దృష్టిలో అది ప్రచురణే. అయితే అదే సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. ప్రజాహితం కోసం చెప్పిన నిజం, సదుద్దేశంతో ప్రజాహితం కోసం చేసిన ఆరోపణ నేరం కావు. సదుద్దేశం అంటే మంచి మనసు ఉంటే చాలని కాదు, తగినంత జాగ్రత్త తీసుకుని ఉండాలి. ఆ జాగ్రత్తకు సాక్ష్యం మీ డేటా, మీ కోడ్, మీరు పరీక్షించి కాదనుకున్న ఇతర కారణాలు. అన్నీ తేదీలతో భద్రపరచండి. పోటీ కంపెనీ ఏదైనా మీ పరిశోధనకు డబ్బు ఇచ్చి ఉంటే మొదటి పేజీలోనే చెప్పండి. దాచిపెట్టి తర్వాత బయటపడితే సదుద్దేశం అనే రక్షణ బాగా బలహీనపడుతుంది.

పేపర్ ప్రచురించకుండా కోర్టు నుంచి స్టే తెస్తారేమో అన్న అనుమానం కూడా ఉంటే, 2024 మార్చిలో వార్తాసంస్థ బ్లూమ్‌బర్గ్, టీవీ కంపెనీ జీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు అండగా ఉంటుంది. పూర్తి విచారణ జరగకముందే ప్రచురణను ఆపే ఉత్తర్వులు అరుదైన సందర్భాల్లోనే ఇవ్వాలని కింది కోర్టులకు గట్టిగా చెప్పింది.

ఆర్‌టీఐ సంగతి త్వరగా చెప్పేస్తాను. కమిషన్ సేకరించిన కంపెనీల సమాచారాన్ని బయటపెట్టకుండా కాంపిటీషన్ చట్టం సెక్షన్ 57 అడ్డుపడుతుంది. వేరే చట్టం ప్రకారం ఇవ్వడానికి ఆ సెక్షన్‌లో చోటుంది గానీ, సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాలను, 8(1)(హెచ్) దర్యాప్తుకు ఆటంకం కలిగించే సమాచారాన్ని మినహాయించాయి. విస్తృత ప్రజాప్రయోజనం ఉందని వాదించవచ్చు. కానీ థీసిస్ గడువు పెట్టుకుని ఆ వాదన మీద ఆధారపడమని నేను చెప్పను. అంతకంటే మంచి దారి, ఆ సరుకు కొనే ప్రభుత్వరంగ సంస్థలను అడగడం. టెండర్ ముగిసి కాంట్రాక్టు ఇచ్చేశాక ఎవరెంత కోట్ చేశారో తెలుసుకోవడం చాలా సులువు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. ఇంకో జాగ్రత్త: యూనివర్సిటీ చందా కట్టిన డేటాబేస్ నుంచి ధరలు తీసుకుని ఉంటే, ముడి డేటాను పేపర్‌తో పాటు పెట్టే ముందు లైసెన్సు షరతులు చదవండి.

చివరి ప్రశ్న, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. అవును, మీరే కమిషన్‌కు వెళ్లవచ్చు. సెక్షన్ 19 ప్రకారం ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. ఇచ్చేవాళ్లు నష్టపోయినవాళ్లే కానక్కర్లేదని ఓలా, ఊబర్ మీద ఒక న్యాయవాది వేసిన కేసులో 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆయన ఆరోపణ మాత్రం నిలబడలేదు. మీ పేరు గోప్యంగా ఉంచమని రాతపూర్వకంగా కోరవచ్చు. పరువునష్టం విషయంలో కూడా ఈ దారే మీకు భద్రం. అధికారం ఉన్న సంస్థకు సదుద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదుకు సెక్షన్ 356లో ప్రత్యేకంగా మినహాయింపు ఉంది. జర్నల్‌లో రాయలేని ఆరోపణను అక్కడ నేరుగా చెప్పవచ్చు. తెలిసి అబద్ధం చెబితే మాత్రం సెక్షన్ 45 కింద పెనాల్టీ పడుతుంది.

ఇక్కడ పరిశోధకులు తరచూ పట్టించుకోనిది గడువు. 2023 సవరణ ప్రకారం వివాద కారణం తలెత్తిన నాటి నుంచి మూడేళ్లలోపు సమాచారం ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. పీహెచ్‌డీ డేటా సహజంగానే పాతది. మీది ఆరేళ్ల డేటా, అందులో సగం ఇప్పటికే గడువు దాటి ఉండవచ్చు. అదే తీరు ఈ మధ్య నెలల్లో కూడా కొనసాగుతోందని చూపించగలిగితే మీ స్థానం బలపడుతుంది. డిగ్రీ చేతికొచ్చాక చూద్దాం అనుకోకండి. అలాగే ఇవే వాస్తవాల మీద కమిషన్ ఇంతకుముందే తేల్చిందేమో వెబ్‌సైట్‌లో వెతకండి. తేల్చి ఉంటే మీది మొదట్లోనే మూసేస్తారు.

దర్యాప్తుకు ఆదేశించాలంటే ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే చాలు, పూర్తి రుజువు మీరు తేనక్కర్లేదు. ఫోన్ రికార్డులు, ఈమెయిళ్లు, సమావేశాల మినిట్స్ రాబట్టే అధికారం కమిషన్ తరఫున దర్యాప్తు చేసే డైరెక్టర్ జనరల్‌కు ఉంది, సోదాలు కూడా చేయవచ్చు. మీ గణాంకాలు చేయలేని పని అదే. అందుకే ఫిర్యాదు ఆలోచన ఉంటే, జవాబు అడిగే పేరుతో కంపెనీలకు మీ ఫలితాలు ముందే పంపకండి. ఉన్న ఈమెయిళ్లు కూడా మాయమవుతాయి. ఫిర్యాదు ఆలోచన లేకపోతే మాత్రం పేపర్ ప్రచురించే ముందు వాళ్ల వివరణ అడిగి, వచ్చిన జవాబును పేపర్‌లోనే పెట్టండి. సదుద్దేశానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఒకవేళ లీగల్ నోటీసు వస్తే కంగారుపడి మీరే ఈమెయిల్‌లో జవాబు ఇవ్వకండి. క్షమాపణ అసలే రాయకండి. నోటీసును అదే రోజు గైడ్‌కు, రిజిస్ట్రార్‌కు చూపించి, పరువునష్టం కేసులు చూసే లాయర్ దగ్గరకు మీ డేటా ఫైళ్లతో సహా వెళ్లండి.