మండపేట వైపు ఉప్పుడు బియ్యం మిల్లులో ఉన్న పాత బాయిలర్ ప్లేటుపై గంటకు 4,400 పౌండ్ల ఆవిరి అని ఉంది. కిలోల్లో ఎంత?

మిల్లులో పాత బాయిలర్ అన్నారు కాబట్టి ఆ లెక్కే చేద్దాం. ఒక పౌండ్ అంటే కచ్చితంగా 0.45359237 కిలోలు. 1959లో అంతర్జాతీయ ఒప్పందంతో ఖాయమైన విలువ ఇది. మనకు 0.4536 చాలు.

4,400 × 0.4536 = సుమారు 1,996. అంటే గంటకు దాదాపు 2 టన్నులు. సెకనుకు కావాలంటే 3,600తో భాగించండి: 0.554 కిలోలు. నోటిలెక్కకు పౌండ్లను 2.2తో భాగిస్తే సరిపోతుంది.

ఎక్కువమంది పొరబడేది టైము దగ్గర. పంపు కాగితంలో నిమిషానికి పౌండ్లని ఉంటే, గంటకు కిలోలు రావడానికి 27.2తో గుణించాలి. టన్ను కూడా చూసుకోండి: బ్రిటిష్ టన్ను 1,016 కిలోలు, అమెరికన్ టన్ను 907, మన మెట్రిక్ టన్ను 1,000.

ధవళేశ్వరం దగ్గర కాలువలకు వదిలే నీటిని క్యూసెక్కుల్లో (సెకనుకు ఎన్ని ఘనపుటడుగులని) చెబుతారు కదా, అది ఘనపరిమాణం, బరువు కాదు. దాన్ని సాంద్రతతో గుణించాకే బరువు వస్తుంది. మంచినీరైతే ఒక క్యూసెక్కు సెకనుకు సుమారు 28.3 కిలోలు. ఆవిరికి మాత్రం ఈ అంకె వాడకండి, దాని సాంద్రత పీడనాన్ని బట్టి మారుతుంది.

ఇంకోటి, ప్లేటు మీది సామర్థ్యాన్ని చాలాసార్లు 100 డిగ్రీల నీటిని అదే ఉష్ణోగ్రతలో ఆవిరి చేసినట్టు లెక్కగట్టి రాస్తారు. మీరు బోరు నీళ్లు చల్లగానే పోస్తుంటే అంత ఆవిరి రాదు. కొత్త పైపులు కొనేముందు ఆ తేడా తీసేసి లెక్కేయండి.