విసురువల కన్నులు సమంగా రావాలంటే

విసురువల అల్లుతుంటే కన్నులు, అంటే వల రంధ్రాలు, ఒకే కొలతకు రావడం లేదని, నైలాను దారంపై వేసిన ముడులు జారిపోతున్నాయని మీరు రాశారు. వేళ్లతో కొలవడం మాని, నున్నగా చెక్కిన వెదురు బద్దను వాడండి. దారం బద్దను చుట్టి వస్తుంది కనుక, సాగదీస్తే 4 సెంటీమీటర్లుండే కన్నుకు బద్ద వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లే ఉండాలి. కోనసీమ పంట కాలువలకు అంతకంటే చిన్న కన్ను వద్దనే నా అభిప్రాయం, పిల్లచేపలు కూడా చిక్కుతాయి.

అసలు చిక్కు ముడి దగ్గర ఉంది. నూలుకు సరిపోయే ఒంటిచుట్టు ముడి నున్నని ఏకపోగు నైలానుపై నిలవదు. పైవరుస కన్ను కొసను బద్ద అంచు వద్ద బొటనవేలితో అదిమిపట్టి, దారం చుట్టిన వల సూదిని ఆ కొస వెనుకగా రెండుసార్లు తిప్పి, ముడిని తడిపి నెమ్మదిగా లాగండి. ముడి వేలి కిందనుంచి జారి కన్ను కొస దాటి బిగిస్తే, చూపుకు గట్టిగానే ఉన్నా, మొదటి విసురుకే కదిలిపోతుంది.