కొత్తగా హెర్పిస్ అని తెలిసినవాళ్ల పక్కన ఎలా ఉండాలి

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. కలయికతో అంటుకుని కింది భాగంలో పొక్కులు తెచ్చే హెర్పిస్ అని రిపోర్టు చేతికొచ్చినప్పటి నుంచి మీ రూమ్మేట్ సరిగ్గా తినట్లేదని, ఆఫీసుకి సెలవు పెట్టి మంచం దిగట్లేదని, "నా జీవితం అయిపోయింది" అంటోందని రాశావు. ఏం చెప్పి ఓదార్చాలో చెప్పమన్నావు. ఫోన్లో చెబితే హాస్టల్లో పక్క మంచం వాళ్లకీ వినిపిస్తుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇవాళ ఆ పిల్లకి వైరస్ గురించి పాఠం చెప్పకు. భయంలో ఉన్న మనిషికి ఏ లెక్కా బుర్రకెక్కదు. మెస్ నుంచి ప్లేటు తెచ్చి పెట్టు, తినేదాకా పక్కనే కూర్చో. నీకూ ఇదే ఉందని చెబితే తనకి కొండంత ధైర్యం వస్తుందని నాకు తెలుసు. అయినా చెప్పి తీరాలని లేదు. అది నీ సొంత విషయం, ఒక రాత్రి ఆలోచించుకుని నీకు ఇష్టమైతేనే చెప్పు. చచ్చిపోవాలనిపిస్తోంది లాంటి మాట తన నోటి నుంచి వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఒంటరిగా వదలకుండా, పక్కన కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించు. తెలుగులోనే మాట్లాడతారు.

"ఎవరి నుంచి వచ్చింది?" అని అడగొద్దు. వేరేవాళ్లు అడుగుతుంటే కూడా ఆపు.

మర్యాద సంగతి అలా ఉంచినా, ఆ ప్రశ్నకి చాలాసార్లు జవాబే ఉండదు. వైరస్ సోకిన 2 నుంచి 12 రోజుల్లో పొక్కులు రావచ్చు. కానీ ఎక్కువమందికి ఏమీ కనపడదు, కనపడినా చిన్న గీతలాంటి పుండు వచ్చి నాలుగు రోజుల్లో మానిపోతుంది. బట్టలు ఒరుసుకున్నాయనో, చెమటకాయలనో అనుకుంటారు. సోకిన ఏళ్ల తర్వాత మొదటిసారి బయటపడేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు సోకిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. మా ఆయనకి ఇప్పటిదాకా ఒక్క పొక్కు రాలేదు, తనకి ఉన్నట్టు తనకే తెలియదు. నాకు మాత్రం పెళ్లైన కొత్తలోనే వచ్చింది. అప్పుడు నన్ను చూసిన డాక్టరమ్మ పరదా కూడా లాగకుండా "ఎక్కడ తెచ్చుకున్నావమ్మా?" అని గట్టిగా అడిగింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లందరూ తలలు తిప్పి చూశారు. పుండ్లు మానాయి గానీ ఆ మాట మానడానికి ఏళ్లు పట్టింది. నా దగ్గరికి మాట్లాడటానికి వచ్చే ఏ పిల్లనీ నేను ఆ ప్రశ్న అడగను. తనంతట తాను చెబితే వింటాను, అంతే.

తను కాస్త కుదుటపడ్డాక ఆ రిపోర్టు తీసి చూడండి. ఏ పరీక్ష చేశారన్నది చాలా ముఖ్యం. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు దాని మీద నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేస్తే, వచ్చే పాజిటివ్‌ని నమ్మొచ్చు, రెండు రకాల్లో (ఎక్కువగా పెదవి మీద వచ్చే టైప్ 1, ఎక్కువగా కింది భాగంలో వచ్చే టైప్ 2) ఏదో కూడా తెలుస్తుంది. పొక్కులేవీ లేకుండా ప్యాకేజీ రక్తపరీక్షలో ఐజీఎమ్ (ఒళ్లు ముందుగా తయారుచేసే యాంటీబాడీ) పాజిటివ్ అని వస్తే దాన్ని పట్టుకుని ఏడవాల్సిన పని లేదు. హెర్పిస్ విషయంలో ఐజీఎమ్‌ని నమ్మొద్దనే నిపుణుల మాట. ఐజీజీ (తర్వాత తయారై రక్తంలో ఉండిపోయే యాంటీబాడీ) కొంత నయం. అయితే సోకాక అది పాజిటివ్ కావడానికి 12 నుంచి 16 వారాల దాకా పట్టొచ్చు. టైప్ 2 ఐజీజీ విలువ 3 లోపు ఉంటే తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం బాగా ఉంది, ఇంకో పద్ధతిలో పరీక్షించి ఖాయం చేసుకోవాలి. టైప్ 1 ఐజీజీ పాజిటివ్ అంటే, చిన్నప్పుడెప్పుడో ముద్దు పెట్టిన మేనత్త నుంచి వచ్చింది కూడా కావచ్చు. ఒక్క ఐజీఎమ్ కాగితం చూసి, కుదిరిన సంబంధాన్ని తనే వద్దని చెప్పేసిన అమ్మాయిని నేను చూశాను. కాబట్టి మొదటి నెల రోజులు పెద్ద నిర్ణయాలేవీ తీసుకోవద్దని చెప్పు. ఉద్యోగం మానేయడం, ఊరెళ్లిపోవడం, అమ్మానాన్నలకి అర్ధరాత్రి ఫోన్ చేసి చెప్పేయడం, ఏదీ వద్దు.

డాక్టరు దగ్గరికి నువ్వు తోడు వెళ్లు. డబ్బుకి ఇబ్బందైతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల ఓపీలు ఉన్నాయి. సుఖవ్యాధుల కోసం ఉన్న ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, మందులు ఉచితం. అక్కడ ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు కిట్ ఇస్తారు. హెర్పిస్ పుండుకి ఇచ్చేది ఎర్ర కిట్, అందులో ఉండేవి వైరస్‌ని అణచే ఎసైక్లోవిర్ 400 మాత్రలు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా అప్పుడే చేయించండి. టైప్ 2 హెర్పిస్ ఉన్నవాళ్లకి హెచ్ఐవీ సోకే ముప్పు దాదాపు మూడు రెట్లు ఎక్కువ, ఆ మాట దాచిపెట్టడం మంచిది కాదు. వెళ్లడానికి సంకోచిస్తుంటే ముందు ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అడగొచ్చు, టోల్ ఫ్రీ. బస్టాండ్ గోడల మీద "గ్యారంటీగా నెగిటివ్ చేస్తాం" అని నంబర్లు రాసుకున్నవాళ్ల జోలికి మాత్రం పోనివ్వకు. హెర్పిస్‌ని ఒంట్లోంచి పూర్తిగా తుడిచేసే మందు ఇప్పటికి ఏ వైద్యంలోనూ లేదు, టీకా కూడా రాలేదు. ఆ మాట అన్నవాడు డబ్బు కోసమే అంటున్నాడు. కుమ్మరి దగ్గర అక్కి రాయించుకోమని ఇంట్లో ఎవరైనా అంటే, అక్కి (సర్పి) తెచ్చేది వేరే వైరస్ అనీ, దానికైనా డాక్టరు దగ్గరికే వెళ్లాలనీ చెప్పు.

ఇక నొప్పి. మొదటిసారి వచ్చేదే అన్నిటికన్నా బాధ పెడుతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు, గజ్జల్లో బిళ్లలు, మూత్రానికి వెళ్తే నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకి భయపడి చాలామంది నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది. మూత్రం పోసేటప్పుడు మగ్గుతో గోరువెచ్చటి నీళ్లు ముందు నుంచి ధారగా పోసుకుంటూ ఉండమను, సగం మంట అక్కడే తగ్గుతుంది. కోఠీలోనో అమీర్‌పేటలోనో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు కొని, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు కూర్చోమను. లేచాక టవల్‌తో రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దుకోవాలి. డెట్టాల్, పసుపు, టూత్‌పేస్టు, ఏవీ రాయనివ్వకు. జీన్సు పక్కన పెట్టి వదులుగా ఉండే నూలు బట్టలు, రాత్రికి ఒక నైటీ చాలు. నొప్పికి పారాసిటమాల్, మరీ భరించలేకపోతే డాక్టర్‌ని అడిగి మొద్దుబార్చే లిగ్నోకెయిన్ జెల్. అసలు మూత్రమే రాకపోయినా, తీవ్రమైన తలనొప్పితో మెడ పట్టేసినా, తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లు.

మాత్రలు మామూలుగా 7 నుంచి 10 రోజులు రాస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. పైపూత క్రీముతో పెద్ద ప్రయోజనం లేదు. ఎసైక్లోవిర్ 40 ఏళ్లకు పైగా వాడుకలో ఉన్న మందు. దాని వెనక పనిచేసిన శాస్త్రవేత్తల్లో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఒక ఆడమనిషి బుర్ర నా నొప్పిని తగ్గించిందన్న సంగతి నాకెప్పుడూ సంతోషంగా ఉంటుంది. నీళ్లు బాగా తాగాలి, కిడ్నీ సమస్య ఏదైనా ఉంటే ముందే చెప్పాలి.

హాస్టల్లో మిగతా పిల్లలకి అంటుకుంటుందని తను భయపడుతోందన్నావు. బాత్రూమ్ సీటు వల్ల రాదు, బకెట్టు వల్ల రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. చర్మం చర్మానికి తగిలితేనే అంటుకుంటుంది. రెండు జాగ్రత్తలు మాత్రం నిజంగా కావాలి. పుండు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ చేత్తో కన్ను నలుపుకోకూడదు. కన్ను ఎర్రబడి నొప్పెడితే మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసుకోకుండా ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాలి, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి ఉండనే ఉంది. రెండోది, పెదవి మీద పొక్కు ఉన్నవాళ్లెవరూ చంటిపిల్లల్ని ముద్దాడకూడదు. ఇది మన ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోరు. "ఏదో పురుగు పాకింది" అనేసి బారసాలలో బిడ్డని ఎత్తేసుకుంటారు. పుట్టిన కొత్తలో బిడ్డకి సోకితే ప్రాణం మీదకొస్తుంది.

తిండి దగ్గర మాత్రం తనని హింస పెట్టొద్దు. వేడి చేసిందని చికెన్ మాన్పించి, మామిడిపండు మాన్పించి, సబ్జా నీళ్లు తాగిస్తే వైరస్ పోదు. సబ్జా నీళ్లు బాగుంటాయి, ఎండాకాలం తాగొచ్చు, అంతవరకే. మళ్లీ తిరగబెట్టేది నిద్ర చాలనప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, నెలసరి ముందు, బాగా టెన్షన్ పడినప్పుడు. కొందరికి ఏ కారణమూ కనపడదు. నైట్ షిఫ్టులు చేసే పిల్ల కాబట్టి పగటి నిద్రకి మందపాటి కర్టెన్ కొనివ్వు, నా దృష్టిలో పథ్యం కన్నా అది మేలు.

వారం పది రోజులయ్యాక, తను ప్రశ్నలడగడం మొదలుపెట్టినప్పుడు, లెక్కలు చెప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపువాళ్లలో దాదాపు 380 కోట్ల మందికి టైప్ 1 ఉంది. 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో 52 కోట్ల మందికి టైప్ 2 ఉంది. మన మెట్రో రైలు పెట్టెలో నిలబడితే చుట్టూ ఎంతమందికి ఉండి ఉంటుందో తనే ఊహించుకుంటుంది. వైరస్ నడుము కింద నరాల మొదళ్లలో ఉండిపోతుంది, అప్పుడప్పుడూ చర్మం మీదకొస్తుంది. టైప్ 2 అయితే మొదటి ఏడాది నాలుగైదుసార్లు రావడం మామూలే, ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. కింది భాగంలో టైప్ 1 వస్తే ఇంకా తక్కువ. వచ్చే ముందు అక్కడ చిమచిమ, పిర్ర నుంచి కాలి దాకా లాగినట్టు ఉండటం తనకే తెలిసిపోతుంది. ఆ గంటల్లోనే మాత్ర వేసుకుంటే చాలాసార్లు పొక్కు పూర్తిగా లేవదు. అందుకే డాక్టరు రాసిన మాత్రలు కొన్ని ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో ఉంచుకోమను. మరీ తరచుగా వస్తుంటే రోజూ ఒక మాత్ర వేసుకునే పద్ధతి ఉంది, దానితో 70 నుంచి 80 శాతం దాకా తగ్గుతాయి.

ఇక తను లోలోపల అసలు భయపడుతున్నది పెళ్లి గురించే. అడిగినా అడగకపోయినా అదే.

పెళ్లయ్యాక చెప్పొచ్చులే అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. అవతలి మనిషి ఒంటి విషయం, తెలుసుకునే హక్కు అతనికుంది. అలాగని పెళ్లిచూపుల్లో, పెద్దల ముందు, కాఫీ కప్పుల మధ్య చెప్పాల్సిన విషయమూ కాదు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరాక, ముహూర్తం పెట్టుకునేలోపు, దగ్గరయ్యేలోపు, ఎదురెదురుగా కూర్చుని చెప్పాలి. వాట్సాప్‌లో వద్దు, ఆ స్క్రీన్‌షాట్ ఎవరి ఫోన్‌కి పోతుందో మనకి తెలియదు. మాటలు తట్టకపోతే ఇలా చెప్పమను: "నాకు హెర్పిస్ అనే వైరస్ ఉంది. పెదవి మీద జ్వరం పొక్కు తెచ్చే వైరస్ జాతిదే. ఎప్పుడైనా వస్తుంది, మాత్రలతో తగ్గుతుంది. నీకు సోకకుండా చూసుకునే దారులున్నాయి. నువ్వు కూడా ఒక డాక్టర్‌ని అడిగి తెలుసుకో, తర్వాత మాట్లాడుకుందాం." ఇంతే. క్షమించమని అడగొద్దు, నేరమేమీ చేయలేదు. తర్వాత అతనికి ఆలోచించుకునే టైం ఇవ్వాలి. కొందరు వద్దంటారు. ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది, ఆ రోజు నువ్వు తన దగ్గర ఉండు. కొందరు "నాకూ పెదవి మీద వస్తుందిగా" అని తేలిగ్గా తీసుకుంటారు. నేను రెండు రకాలవాళ్లనీ చూశాను.

సోకకుండా చూసుకునే సంగతి కూడా తనకి స్పష్టంగా తెలియాలి. చిమచిమ మొదలైనప్పటి నుంచి చర్మం పూర్తిగా మానేదాకా కలవకూడదు. పొక్కు లేనప్పుడు కూడా వైరస్ కొంత బయటికొస్తుంది కాబట్టి కండోమ్ కావాలి, అది ముప్పు తగ్గిస్తుంది గానీ మొత్తం ఆపదు. టైప్ 2 ఉన్నవాళ్లు రోజూ వాలాసైక్లోవిర్ (ఎసైక్లోవిర్ జాతి మాత్రే) 500 వేసుకుంటే భాగస్వామికి సోకే అవకాశం దాదాపు సగం తగ్గినట్టు 2004లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. పిల్లల గురించీ భయం వద్దు. ముందునుంచీ హెర్పిస్ ఉన్న తల్లి నుంచి కాన్పులో బిడ్డకి సోకడం 1 శాతం కన్నా తక్కువ. ఎక్కువ ప్రమాదం కడుపుతో ఉన్నప్పుడు, చివరి నెలల్లో కొత్తగా సోకితేనే. డాక్టరుకి ముందే చెబితే 36వ వారం నుంచి మాత్రలు ఇస్తారు, నొప్పులప్పుడు పుండ్లుంటే ఆపరేషన్ చేస్తారు. నాకు ఇద్దరూ మామూలు కాన్పులే అని తనకి నా పేరు లేకుండా చెప్పొచ్చు.

నీ సంగతి కూడా చూసుకో. రాత్రి రెండింటికి లేపి ఏడిస్తే ఒకటి రెండుసార్లు ఓదార్చు, రోజూ అంటే నీకే జబ్బు చేస్తుంది. "ఇప్పుడు నిద్రపోదాం, పొద్దున టీ తాగుతూ మాట్లాడుకుందాం" అని చెప్పడం తప్పు కాదు. తన విషయం మూడో మనిషికి పొక్కనివ్వకు. వార్డెన్‌కి గానీ, నీ ప్రాణస్నేహితురాలికి గానీ, మీ అమ్మకి గానీ చెప్పొద్దు. నాకు కూడా తన పేరు చెప్పకుండానే రాశావు, అది నాకు చాలా నచ్చింది.

తనకి నాతో మాట్లాడాలనిపిస్తే ఆదివారం పొద్దున ఆరున్నరకి సంజీవయ్య పార్కుకి తీసుకురా. నేను కూర్చోబెట్టి మాట్లాడను, నడుస్తాం. పక్కపక్కన నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, గొంతులో ఉన్న మాట తేలిగ్గా బయటికొస్తుంది. రావాలని లేకపోతే బలవంతం చేయకు. సోమవారం ఓపీకి వెళ్లేటప్పుడు పాత రిపోర్టు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీ, అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. లోపలికెళ్లాక అన్నీ మర్చిపోతారు, ఆ కాగితం నీ చేతిలో ఉంచుకో.

ప్రేమతో,
ఆంటీ